అడ్డాకు ఎక్కడిదాకా పాకింది

దయాల్‌బంద్, బిలాస్‌పూర్

అక్కా,

నీ మోకాలి నొప్పి నెమ్మదించిందనీ, బావగారు మళ్ళీ పొద్దున్నే నడకకు వెళ్తున్నారనీ అనుకుంటున్నాను. నా గురించి బెంగపెట్టుకోకు. బ్యాంకులో పని ఉంది, ఉండటానికి గది ఉంది, తిండికి లోటు లేదు. చలి వెళ్ళిపోయింది. రైల్వే క్వార్టర్ల దారిలో దేవకాంచనాలు ఒక్క ఆకు లేకుండా పూసి నిలబడ్డాయి. చూపించడానికి పక్కన మనిషి లేడు. అంతకు మించి కష్టమేమీ లేదు, నిజంగా.

ఇక నీ ఉత్తరం. పిల్లల కోసం మనిద్దరం మొదలుపెట్టిన దేవకాంచనాల పుస్తకంలో ‘ఎక్కడెక్కడ పెరుగుతాయి’ అన్న అధ్యాయం, నీ కాలేజీలో కొత్తగా లెక్చరర్‌గా చేరిన సుగుణ రాస్తోందని ఎంత తేలిగ్గా రాశావు! ఆదివారాలు నీతో కొండకు వస్తోందట. నా భూతద్దం ఆమె మెడలో వేలాడుతోందట. అసూయా అని అడుగుతావు. అసూయే, దాచను. అసూయపడేవాడి వాదన తప్పని ఎక్కడైనా రాసుందా?

చిక్కుడు కుటుంబంలో, ఆవు గిట్టలా రెండుగా చీలిన ఆకున్నవన్నీ మనకు ఒకే ప్రజాతి: దేవకాంచనం, ఆరె, అడ్డతీగ. ఇప్పుడు అడ్డతీగను అందులోంచి తీసి వేరే ప్రజాతిలో పెట్టాలంటుందా సుగుణ? కొత్త వర్గీకరణ అదేనా? పెళ్ళిచేసి ఇంటిపేరు మార్చినట్టు మార్చేయడమేనా? ఆ ఆకు కోసి, పుల్లతో కుట్టి విస్తరి చేసే ఆడవాళ్ళను ఒక్కమాట అడిగారా? పైగా అడ్డాకు ‘మన పార్వతీపురం కొండల సొత్తు’ అని రాసిందట. సొత్తు! అడవికి పట్టా రాసుకునే బుద్ధి కాదూ ఇది? నువ్వెలా ఒప్పుకున్నావు?

మొన్న ఇక్కడి సిర్గిట్టి ఫ్యాక్టరీల్లో పనిచేసే అప్పలరాజుగారు మనవడి బారసాలకు పిలిచారు. తాతల నాడే మన వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ రైల్వే కుటుంబం. పంక్తిలో కూర్చుంటే నా ముందు పడ్డ విస్తరి అడ్డాకుది! తీసి వాసన చూస్తున్నాను. ఆయన తల్లి నరసమ్మగారు పప్పు గిన్నెతో వచ్చి నిలబడిపోయారు.

“ఏటి బావూ, ఆకు వాసన సూస్తన్నావు? కిందెట్టు, పప్పు ఒడ్డించాల.”

“పార్వతీపురం నుంచి తెప్పించారా?”

“అక్కడ్నించెందుకు? ఇక్కడడివి నిండా ఇదే. మాహుల్ పత్తా అంటారు. మా అత్త ఉన్నన్నాళ్ళూ ఊర్నించి రైల్లో కట్టలు తెప్పించీది. ఇక్కడాకు మన ఆకు కాదనీ, ముద్ద దిగదనీ. నానోపాలి సెప్పకుండా ఇక్కడాకే ఏసేసినాను.”

“ఆవిడకు తెలిసిందా?”

“తినేసి, ఊరాకు ఊరాకేనే అంది! అచ్ఛా, ఇక తిను.”

పంక్తంతా నవ్వింది. నేనూ నవ్వాను. సుగుణ రాసిన సొత్తు ఇక్కడి అడవిదై, విస్తరిగా నా ఎదుట ఉంది మరి!

ఆదివారం రతన్‌పూర్ దాటి అడవికి వెళ్ళాను, నీకు తిరుగులేని జవాబు రాయాలని. సాల చెట్ల మీదికి అల్లుకుని నా తొడంత లావున తీగ. భూతద్దం లేదు కదా, ఉత్త కళ్ళతోనే చూశాను. కొమ్మల చివర్ల నులితీగలు చుట్టలు తిరిగి చెట్టును పట్టుకున్నాయి. మన దేవకాంచనానికి లేవు, ఆరెకూ లేవు. ఇంకో రెండు తీగలు వెతికి చూశాను, వాటికీ ఉన్నాయి. వేరు చేయడానికి కారణం ఉంది అక్కా. ఒప్పుకోవడానికి కడుపు మండుతోంది గానీ, ఉంది.

కాబట్టి వర్గీకరణ సుగుణనే రాయమను. ఎక్కడెక్కడ పెరుగుతాయో మాత్రం నేను రాస్తాను. ఊళ్ళో ఉన్నంతకాలం అడ్డాకు మన కొండదేనని నేనూ అనుకున్నాను. కాదని తెలియడానికి ఇంత దూరం వచ్చి ఒంటరిగా ఇంకొకరి పంక్తిలో కూర్చోవలసివచ్చింది. ఆ అధ్యాయం ఊరు విడిచినవాడిది. దాన్ని నా దగ్గర్నుంచి లాక్కోకు.

ఎండలు ముదిరాక అడ్డతీగ పూస్తుంది. అప్పటికి సెలవు పెట్టి వస్తాను. అందాకా ఆమెను ఆరె చెట్ల దాకా తీసుకెళ్ళు, కాదనను. పూసిన తీగ దగ్గరికి మాత్రం నేను లేకుండా వెళ్ళొద్దు.

పెద్దమ్మకు నా దణ్ణాలు, బావగారికి నమస్కారాలు. ముందు తిట్టి, ఆ తర్వాతైనా నన్ను దీవించు. సుగుణను కూడా అడిగానని చెప్పు.

భూతద్దం మాత్రం ఇవాళే వెనక్కి తీసుకో.

నీ తమ్ముడు,
సత్యం