బుధవారం కిటికీ

నెదర్ బ్రాకమ్,
మే 7

లార్క్‌స్పర్ బస్సు యాత్రల మేనేజరు డాబ్నీ గారికి,

'పాత పల్లెల్లో ఒక రోజు' అంటూ బుధవారం బుధవారం మీ బస్సు మా ఊళ్ళో నలభై మందిని దింపుతోంది. వాళ్ళు చర్చి చూసి, వంతెన చూసి, సరిగ్గా నేను సూపు తాగే వేళకు మా వంటింటి కిటికీకి ముక్కులు ఆనిస్తున్నారు. ఇంటికప్పు గడ్డిదైతే లోపల మనుషులు ఉండరా? నా ఎదుటి కుర్చీ మా ఆయన సిడ్నీది. ఆయన పోయి రెండేళ్ళయింది. మా ఇద్దరినీ ప్రశాంతంగా భోంచేయనివ్వండి.

ఇట్లు,
మిల్డ్రెడ్ పాటెన్

తా.క. కసురుకోవడం మా ఇంటావంటా లేదు. అందుకని మర్యాదకి చేయి ఊపుతున్నాను.

---

మే 11

గౌరవనీయులైన పాటెన్ గారికి,

మీ ఇబ్బంది అర్థమైంది. నలభై మంది ఒక్కసారే ఎగబడితే మీరు ఎవరికీ సరిగ్గా కనబడరు. ఇకమీదట పదేసి మందిని పంపుతాము. మీరు సూపు కాస్త నిదానంగా తాగితే నాలుగు జట్లకూ సరిపోతుంది.

విధేయుడు,
క్లైవ్ డాబ్నీ

తా.క. ఖాళీ కుర్చీ పెట్టించిన ఆలోచన ఎవరిదో గాని, ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకుంటున్నారు.

---

మే 21

డాబ్నీ గారికి,

నేను ప్రదర్శన కాదు, పెన్షను మీద బతికే మనిషిని. ఆ కుర్చీ ఎవరూ పెట్టించలేదు. అందులోంచి మనిషి లేచి వెళ్ళిపోయాడు, అంతే. నిన్న తెర మూసేసి, నా ఇంట్లో నేనే దొంగలా చీకట్లో తిన్నాను. ఏడుపొచ్చింది.

మిల్డ్రెడ్ పాటెన్

తా.క. తెర మూసే ముందు కూడా చేయి ఊపాను. పాడు అలవాటు.

---

మే 25

పాటెన్ గారికి,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఊరి చరిత్ర సంఘం వారు మిమ్మల్ని అక్కడ కూర్చోబెట్టారనుకున్నాం. సిగ్గుగా ఉంది. ఇక మీ వీధికి రాము. క్షమాపణగా ఒక టికెట్టు పంపుతున్నాను. ఒక రోజు మీరూ సరదాగా తిరిగి రండి.

క్లైవ్ డాబ్నీ

తా.క. భోజనం మాత్రం ఎవరిది వారిదే.

---

జూన్ 4

డాబ్నీ గారికి,

నిన్న మీ బస్సెక్కాను. ఫెన్నికోట్‌లో వాన పట్టుకుంది. అందరితో పాటు నేనూ ఒక ఇంటి కిటికీకి ముక్కు ఆనించాను. అవును, నేనే. లోపల ఒక పెద్దాయన ఉడికించిన బంగాళాదుంపలు తింటున్నారు. ఎదురుగా ఖాళీ కుర్చీ. మమ్మల్ని చూసి చేయి ఊపారు. మీవాళ్ళు మురిసిపోయి తిరిగి ఊపారు. ఆయన ఎందుకు ఊపారో ఆ గుంపులో నా ఒక్కదానికే తెలుసు.

తలుపు తట్టి, తప్పయిందండీ అన్నాను.

"ఆరేళ్ళుగా అందరూ కిటికీ దగ్గరే ఆగిపోతారండీ, తలుపు తట్టింది మీరే," అన్నారాయన. "తడిసిపోయారు, లోపలికి రండి. ఆ కుర్చీలో మాత్రం కూర్చోకండేం. అది మా ఆవిడది."

"తెలుసండీ," అన్నాను. మూలనున్న స్టూలు లాక్కుని కూర్చున్నాను. బంగాళాదుంపల్లో ఉప్పు తక్కువైంది. అడిగి మరీ ఇంకోటి వేయించుకున్నాను.

బస్సు నన్ను వదిలేసి వెళ్ళినందుకు డ్రైవరును ఏమీ అనకండి. పాపం, కిటికీ దాకా వచ్చి చూశాడు. నేనే చేయి ఊపాను.

ఇట్లు,
మిల్డ్రెడ్ పాటెన్

తా.క. వచ్చే బుధవారం ఫెన్నికోట్‌లో ఆంబ్రోస్ ట్విగ్ అనే పెద్దాయన మీ బస్సెక్కుతారు. మా ఇంటికి సూపుకు వస్తున్నారు. ఒళ్ళో స్టూలు ఉంటుంది. దాన్ని సామాన్లలో పడేయకండి.