పై మెట్టు

ఆర్మాస్,

చేపల సూపు పొయ్యి మీద ఉంది. మరగనివ్వకు, అందులో పోసిన పాలు విరుగుతాయి. ఆవిరిస్నానం గదికి కట్టెలు నువ్వే తెచ్చుకో, నాకు చేతకాలేదు. సాయంత్రం మీ అక్క వచ్చేసరికి గది వేడెక్కి ఉండాలి. నేను కొత్త డాక్టరమ్మ దగ్గరికి వెళ్తున్నాను. రక్తపరీక్షలో ఏమీ లేదని ఈవిడా అంటుంది. వెళ్ళకపోతే ఏ జబ్బూ లేదని మీరంతా అంటారు.

నన్ను ఆవిరికి పిలవద్దని ఇల్మా వదినకి చెప్పు. పోయిన శనివారం ఆవిడ, "ఏళ్ళ తరబడి ఆ నీరసమేంటి తెల్లెర్వో? పైకెక్కి కూర్చో, చెమట పడితే అదే పోతుంది" అంది. మాట పడలేక, ఆవిరిగదిలో కూర్చునే మెట్లలో సెగ ఎక్కువుండే పై మెట్టెక్కాను. నవ్వుతూ కూర్చున్నాను కూడా. ఆ తర్వాత మూడు రోజులు మంచం దిగలేదు. పళ్ళెం తెచ్చి పెట్టింది నువ్వే. అయినా నిన్న ఫోన్లో మీ అమ్మతో, "దానికేం, పై మెట్టు మీద కూర్చుంది" అన్నావు. పక్కగదిలో మెలకువగానే ఉన్నాను.

తెల్లెర్వో

వదినకి ఏమీ చెప్పకులే. మళ్ళీ ఆ మాటలన్నీ వినే ఓపిక లేదు. నా తువ్వాలు కూడా ఆవిరిగదిలో తగిలించు. పై మెట్టు మీదే కూర్చుంటాను.