ఎడమ భుజం పట్టీ

చి. మా బండపిల్లకి అమ్మ దీవెనలు.

ఇక్కడ మేమంతా బాగానే ఉన్నాం, మీ నాన్న నడుము, నా నోరు తప్ప. ఆయన నడుము వంగదు, నా నోరు ఊరుకోదు. రెండూ నువ్వు పుట్టకముందు నుంచీ ఉన్న జబ్బులే కాబట్టి బెంగ పెట్టుకోకు. నువ్వూ అక్కడ వేళకి తింటూ, ఇనుము మోస్తూ, సుఖంగా ఉన్నావని తలుస్తాను. మీ బరువులెత్తే శిబిరంలో ఫోన్లు లాక్కోవడం ఎవరి బుద్ధోగానీ, వాళ్ళ పుణ్యమా అని నాకు మళ్ళీ చేతిరాత వచ్చింది. తప్పులుంటే నవ్వుకో, దిద్దకు. నేను చదివిన చదువుకి ఇంతే వస్తుంది.

నీ ఉత్తరం మీ నాన్నకి చదివి వినిపించాను. సగంలో ఆపి, "ఇది మనమ్మాయి రాసిందా, మేడం రాసిందా?" అన్నాడు. నిజమే కదే! మేడం చెప్పింది, మేడం వద్దంది, మేడం నవ్వింది. ఉప్పు లేని కూరైనా ఉంటుందేమోగానీ, మీకు బరువులెత్తడం నేర్పే ఆ పట్టీల మేడం లేని వాక్యం ఒక్కటి లేదు. ఆవిడ నవ్వితే కూడా నాకు కబురు చెయ్యాలా? నేను రోజంతా నవ్వుతాను, ఎవరికైనా రాశావా?

నువ్వు వదిలేసి వెళ్ళిన పాత బెల్టు నాన్న నడుంనొప్పికి పనికొస్తుందా అని అడిగావు. పనికిరాదు. నువ్వు రాసినట్టే చెప్పాను. బెల్టు మనల్ని మొయ్యదు, ఊపిరి పొట్టలోకి పీల్చి మనమే దాన్ని తొయ్యాలి, అని. ఆయన పీల్చాడు. నేను వెనకనుంచి ఇంకో బొక్కకి బిగించాను. "ఇంకా పీల్చండి, ఇంకా! మేడం చెప్పింది" అన్నాను. మొహం టమాటా పండయ్యాక, "ఏ మేడమే?" అని ఒక్కసారి ఊపిరి వదిలాడు. చొక్కా గుండీ ఎగిరి గోడ గడియారానికి తగిలింది. ఇప్పుడు బెల్టు కనిపిస్తే ఆయన పక్క గదిలోకి వెళ్ళిపోతున్నాడు.

ఇక నీ కొత్త సాధన సంగతి. వారంలో చాలా రోజులు బెల్టూ పట్టీలూ ఏమీ లేకుండానే ఎత్తాలి. బరువు పెరిగాక బెల్టు. ఇంకా పెరిగితే మోకాళ్ళకి పట్టీలు. బరువుతో కిందికి కూర్చున్నవాళ్ళని పైకి లేపే ఆ బిగుతు సూట్ మాత్రం వారానికి ఒక్కరోజే, అదీ మొదట్లో భుజం పట్టీలు కిందికి వదిలేసి, ఒళ్ళు అలవాటు పడ్డాక పైకి లాక్కుని. అంతేనా? పెళ్ళికూతురికి కూడా ఇంత వరసలో నగలు పెట్టరే! మొదటిరోజు నుంచే అన్నీ తగిలించుకుంటే ఒళ్ళు సోమరిదైపోతుందని మేడం చెప్పిందన్నావు. బాగానే చెప్పింది. బాగా చెప్పిందని నాకు ఇంకా మండింది.

కానీ అసలు మంట అది కాదు. మోకాలి పట్టీలు. "మేడం చుడితే కాలు రాయిలా బిగుస్తుందమ్మా, నువ్వు చుడితే జారిపోయేవి" అని రాశావు. చేతికొచ్చినట్టు రాసేశావు. ఇక్కడున్నన్నాళ్ళూ నేల మీద గొంతుక్కూర్చుని నీ మోకాళ్ళకి చుట్టిందెవరు? చెమట తుడిచిందెవరు? సరే, జారేవి. ఎందుకు జారేవో ఈమధ్యే తెలిసింది. నేను బిగిస్తుంటే నువ్వు "అమ్మా" అనేదానివి. ఆ మాట వినగానే నా చెయ్యి వదులయ్యేది. ఆవిడ ముందు నువ్వేమని అరిచినా ఆవిడ చెయ్యి వదులు కాదు. పని మీద ఉన్న చెయ్యి అలాగే ఉండాలని నాకూ తెలుసు. తెలిసినంత మాత్రాన కుళ్ళు తగ్గుతుందా?

ఇంక సూట్. తొడల దగ్గర, భుజాల దగ్గర వదులైందని, మేడం సుద్దగీతలు పెట్టిందని, కుట్టి పంపమని రాశావు. మా సీట్ల దుకాణంలో పెద్ద మిషన్ మీద కుట్టాను. బస్సు సీట్లు కుట్టే సూది కూడా ఆ గుడ్డకి మూలిగింది. డేరా గుడ్డకి పెద్దక్కలా ఉంది. ఆవిడ గీత మీదే కుట్టాను, వెంట్రుకంత అటూ ఇటూ పోలేదు. ఆవిడ గీత తప్పని తేల్చాలని టేపు పెట్టి ఎంత వెతికినా తప్పు దొరకలేదు, పాడు గీత.

కుట్టడం అయ్యాక నీ ఉత్తరం ఇంకోసారి చదివాను. అందులో మేడం వేసిన జోకు ఒకటి రాశావు చూడు, "ఈ సూట్ మీ అమ్మ కంటే గట్టిగా పట్టుకుంటుంది" అని. నువ్వు నవ్వావట. నాకు నవ్వు రాలేదు. అంతలా పట్టుకునేదేంటో చూద్దామనిపించింది.

అవునే, తొడుక్కున్నాను.

సెలవు రోజు, మీ నాన్న బజారుకెళ్ళాడు. కాళ్ళకి పౌడరు రాసుకుని మొదలుపెట్టాను. తొడల దాకా వచ్చింది. తుంటి దగ్గర అదీ నేనూ చాలాసేపు వాదించుకున్నాం. గోడకి ఆనుకుని, గెంతి, తిట్టి, ఎలాగో భుజం పట్టీలు కూడా లాక్కున్నాను. అప్పుడు కూర్చోబోయాను. కూర్చోనివ్వదే! కుర్చీకి జానెడు పైన ఆగిపోయాను, గాలిలో గద్దలా. సరిగ్గా అప్పుడే మీ నాన్న వచ్చాడు.

"ఏంటే ఈ అవతారం?"

"కూర్చుందామని."

"కూర్చో మరి."

"బరువు లేందే కిందికి పోదట, మేడం చెప్పింది."

"గ్యాస్ బండ తెచ్చి భుజాన పెట్టనా?"

నవ్వితే ఊపిరాడలేదు. విప్పబోతే అది రాలేదు. పక్కింటి వదిన వచ్చి, "ఎందుకమ్మా నీకీ వయసులో ఈ కవచాలు?" అంటూనే ఒక కాలు లాగింది. మీ నాన్న కత్తెర తెచ్చాడు. "దాన్ని ముట్టుకున్నారో, మీ చొక్కాలన్నీ మెడ మూసి కుట్టేస్తా" అన్నాను. చివరికి ఆయన పైనుంచీ వదిన కిందినుంచీ ఒక్క ఊపు ఊపారు. ఎడమ భుజం దగ్గర చర్రుమంది. సూట్ ఊడొచ్చింది, పట్టీ చిరిగి.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, అప్పట్నుంచీ నా చెయ్యి నా ఎడమ భుజం మీదికే పోతోంది.

మళ్ళీ కుట్టేశాను. లోపల ముక్క వేసి, దాని మీద అడ్డంగా, నిలువుగా. పైనుంచి ఎంత తిప్పి చూసినా తెలియదు. నీకు చెప్పకుండా పంపేద్దామనే పొట్లం కట్టబోయాను. ఆవిడ ముందు నా పరువు పోదు, నీకు నవ్వులాట కాదు, అంతా సుఖం. కానీ నువ్వు రాసిన మాటొకటి పొట్లం కట్టనివ్వలేదు. "అంత బరువుతో అడుక్కి కూర్చున్నప్పుడు భయమెయ్యదమ్మా, సూట్ లేపుతుందని తెలుసు కదా" అన్నావు. నీకు తెలుసు. నాకే తెలియదు. తెగింది కుట్టైతే నేను పూచీ. కానీ తెగింది గుడ్డ. దాని పోగులే జారాయి. సీటు చిరిగితే జనం లేచి నిలబడతారు. నీ భుజాల మీద ఉండేది జనం కాదు, ఇనుము.

అందుకని చెప్తున్నా, ఈ సూట్ ముందు మేడం చేతికివ్వు. ఎడమ భుజం పట్టీ తిరగేసి వేలితో తడమమను. ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెప్పు, తుంటి దగ్గర వాదన కూడా చెప్పు, నవ్వుకోనీ. ఇన్నేళ్ళలో నా కుట్టు ఎవరి చేతా పరీక్ష చేయించలేదు. ఆవిడ చేత చేయించు. సరే అంటే మెల్లగా మొదలుపెట్టు. వద్దంటే వద్దు, నా మీద ప్రేమతో తొడుక్కోకు.

నువ్వడిగిన ఒక్కదానికి కావాలనే జవాబు ఎగ్గొట్టాను. మేడం తన పాత సూట్ ఇస్తానంటోంది, పోటీకి తీసుకోనా అని అడిగావు కదా. మొదట చదివినప్పుడు, ఎవరో విడిచింది నా పిల్లకెందుకని ఒళ్ళంతా కారం రాసుకున్నట్టయింది. ఇప్పుడూ చల్లారలేదు, అబద్ధం చెప్పను.

తీసుకో. అది ఆవిడని లేపింది, నిన్నూ లేపుతుంది. నడుం దగ్గర వదులైతే మాత్రం అక్కడ ఎవరి చేతా కుట్టించకు, నాకు పంపు. ఈసారి తొడుక్కోను, ఒట్టు.

ఇట్లు,
కుళ్ళుకుంటూనే దీవించే
మీ అమ్మ