తాండూరుకు ఒక్కటే దారి

జూన్ 9, సాయంత్రం

ఇది ఇవాళే రాసుకోవాలి. రేపు మీటింగ్. అక్కడ మా టీమ్ లీడ్ గిరీష్ సార్ చెప్పేదే నిజమైపోతుంది. నాలుగు రోజులైతే నాకే నా మీద అనుమానం వస్తుంది.

వికారాబాద్ ఆఫీసులో మా నెట్‌వర్క్ స్విచ్‌లు. తాండూరు సిమెంటు ఫ్యాక్టరీలో ఇంకొన్ని. మధ్యలో రేడియో లింకు, దాని మీద రెండు చోట్లనూ ఒకటిగా కలిపే మా ఓవర్‌లే నెట్‌వర్క్. రెండు వైపుల స్విచ్‌లు ఒకదాన్నొకటి పలకరించుకుంటూ ఉంటాయి. జవాబు రాకపోతే ఎంతసేపు ఆగాలో చెప్పేది హోల్డ్ టైమర్. మూడు నిమిషాలు ఉండేది. సార్ తొమ్మిది సెకన్లు చేయమన్నాడు. మరీ తక్కువ సార్, వద్దు అన్నాను. హైదరాబాద్ ల్యాబ్‌ల టెస్ట్ చేసిందే, నువ్వు జర టైప్ చెయ్యమ్మా చాలు అన్నాడు. చేశాను.

అప్పటినుంచి రోజూ మధ్యాహ్నం ఆ పలకరింపుల సెషన్ పడిపోతోంది, దాని మీదే నడిచే లారీల తూకం కాటా ఆగిపోతోంది. సాహిత్య, అంటే నేను, సొంతంగా తప్పు వేల్యూ వేసిందని సార్ రిపోర్ట్ రాశాడు. కింద నన్ను సంతకం పెట్టమన్నాడు.

మా ఇంట్లో వేలిముద్ర కాకుండా సంతకం పెట్టే మొదటి మనిషిని నేను. దాన్ని అబద్ధం కింద పెట్టను.

జూన్ 10

సంతకం పెట్టనని మీటింగ్‌లో అందరి ముందే చెప్పాను. మీ ధారూర్ నుంచి వచ్చి రైలు దిగి ఆర్నెల్లు గాలే, గప్పుడే మాకు రూటింగ్ నేర్పవడ్తివా బిడ్డా అన్నాడు సార్. అందరూ నవ్వారు. ప్రొబేషన్ యాది పెట్టుకో అని కూడా అన్నాడు.

యాదిలోనే ఉంది. రోజూ మధ్యాహ్నమే ఎందుకు పడుతోందో రుజువు తెస్తానన్నాను.

జూన్ 11, తాండూరు

కాటా దగ్గర లారీల వరుస. నా ల్యాప్‌టాప్ చూసి ఒక డ్రైవర్, నెట్టు మేడమ్ వచ్చింది, ఇగ రాత్రి బువ్వ గూడ ఈడనే అన్నాడు.

మధ్యాహ్నం ఫ్యాక్టరీ సున్నపురాయి గనిలో సైరన్ మోగింది. తర్వాత బ్లాస్టింగ్. కాళ్ల కింద నేల అదిరింది. గని అంచున మా రేడియో టవర్ ఊగింది, లింకు పోయింది. ఇరవై లెక్కపెట్టేలోపే తిరిగొచ్చింది. కానీ మా స్విచ్ తొమ్మిది దగ్గరే ఆశ వదిలేసి, దారులన్నీ చెరిపేసుకుంది. మళ్లీ నేర్చుకునేదాకా కాటా బంద్.

ల్యాబ్‌లో గని ఎక్కడిది?

అదే రోజు, రైల్లో

ఇంకో దారి ఉన్నచోట తొందరగా వదిలేయడం తెలివి. తాండూరుకు రెండో లింకే లేదు. వదిలేసి ఎక్కడికి పోతుంది?

జూన్ 12

నిన్న ఇదంతా అమ్మకు చెప్తే, గా డబ్బా అచ్చం నీ లెక్కనే ఉన్నది, పిలిస్తే పలకకపోతే అలుగుతది అంది. నౌకరి పోతదా అని కూడా అడిగింది. పోవచ్చు అన్నాను. అయితే మంచిగ కొట్లాడి పో అంది.

ఇవాళ సార్‌కు లాగ్‌లు, గని సైరన్ వేళలు పక్కపక్కన పెట్టి చూపించాను. చాలాసేపు చూశాడు. అరవై సెకన్లు పెట్టు అన్నాడు. రిపోర్ట్ మాత్రం గట్లనే ఉండనీ, సంతకం పెడితే నీ కన్ఫర్మేషన్ నేను చూస్కుంట, ఫికర్ చెయ్యకు అన్నాడు.

అరవై పెట్టాను. సంతకం పెట్టలేదు.

జూన్ 13

సైరన్ మోగింది. టవర్ ఊగింది. కాటా ఆగలేదు.

జూన్ 14

సార్‌కు మెయిల్ పంపాను, డైరెక్టర్‌కు కాపీ పెట్టి. ఇంతే రాశాను:

తొమ్మిది అన్నది మీరు. వద్దన్నది నేను. టైప్ చేసింది నేనే. మూడూ రిపోర్ట్‌లో ఉంటే సంతకం పెడతాను. జూన్ 20 లోపు జవాబు రాయండి.