ప్రొఫెసర్ టిండల్ వందన సమర్పణ

బ్రాంథార్ప్,
మార్చి 4, 1957

ప్రియమైన హెస్టర్ అక్కకి,

నువ్వు అల్లి పంపిన మఫ్లర్ అందింది. గదిలో వెచ్చగానే ఉన్నా తీయబుద్ధి కావడం లేదు.

సంగతేమిటంటే, లండన్‌లోని మా గణాంక సంఘం వచ్చే నెల సభలో నా వ్యాసం చదవమని పిలిచింది. బంగాళదుంపల మళ్ళు కొలుస్తూ ఉద్యోగం మొదలుపెట్టి, యుద్ధంలో పేలని ఫిరంగి గుళ్ళు లెక్కపెట్టి, తర్వాత ఇక్కడ పాఠాలు చెబుతూ తల నెరిసిన నాకు ఇదే మొదటి పిలుపు. మా వైస్ ఛాన్సలర్ కూడా వినడానికి వస్తున్నాడు. ప్రొఫెసర్ పదవి మళ్ళీ ఖాళీ అయింది. ఇప్పటికే రెండుసార్లు చేతిదాకా వచ్చి జారిపోయింది. ఈసారీ పోతే ఇక ఆశ లేదు.

ఇంతవరకూ బాగానే ఉంది. నిన్న సంఘం కార్యదర్శి రాశాడు. వందన సమర్పణను బలపరిచేది ప్రొఫెసర్ ఆంబ్రోజ్ టిండల్ అట. అప్పటినుంచీ నాకు తిండి సయించడం లేదు.

నీ తమ్ముడు,
విల్ఫ్

తా.క.: గదిలో ఎవరితో మాట్లాడుతున్నావని ఇంటావిడ అడిగింది. టిండల్‌తో అన్నాను. గది ఒక్కరికే ఇచ్చానని గుర్తుచేసి వెళ్ళింది.


విట్బీ,
మార్చి 8

చిరంజీవి విల్ఫ్‌కి అక్క ఆశీస్సులు.

ఒరేయ్, ఒక పెద్దమనిషి పదిమందిలో లేచి థాంక్స్ చెబుతానంటే తిండి మానేసినవాణ్ణి నిన్నే చూశాను. బళ్ళో ప్రైజు వచ్చిన రోజు కూడా ఇంతే, పోయి బొగ్గుల గదిలో దాక్కున్నావు. అమ్మ ఈడ్చుకొచ్చి, మొహం కడిగి, హాల్లోకి తోసింది. ఇప్పుడు అమ్మ లేదు కాబట్టి ఆ పని నేను చేశాను.

సంఘం చిరునామా పట్టుకుని టిండల్ గారికి ఉత్తరం రాశాను. మా తమ్ముడికి మీరు చెప్పబోయే థాంక్స్‌కి ముందుగా మా ఇంటి తరఫున థాంక్స్ అన్నాను. వట్టి ఉత్తరం ఏం బాగుంటుందని ఒక అల్లం కేకు కూడా పంపాను. నా ఊలు దుకాణానికి వచ్చే పాస్టర్ గారి భార్య, అదే మర్యాద అంది.

కడుపునిండా తిను.

మీ అక్క,
హెస్టర్

తా.క.: నీ కడుపు మొదటినుంచీ నాజూకని, మరీ పొగిడితే తట్టుకోలేవని కూడా రాశాను.


బ్రాంథార్ప్,
మార్చి 11

అక్కా,

కొంప ముంచావు.

మా సంఘంలో పద్ధతి వేరు. వ్యాసం చదవగానే ఒకాయన లేచి వందన సమర్పణ ప్రతిపాదిస్తాడు. ఆయన పొగుడుతాడు. తర్వాత ఇంకొకాయన దాన్ని బలపరుస్తాడు. ఆ రెండో ఆయన పని వ్యాసాన్ని చీల్చి చెండాడటం. అంతా అయ్యాక 'అందుచేత ఈ వందన సమర్పణను సంతోషంగా బలపరుస్తున్నాను' అని కూర్చుంటాడు. అందరూ చప్పట్లు కొడతారు. తరతరాలుగా ఇదే ఆచారం. టిండల్ అందులో ఆరితేరినవాడు. ఆయన చేత థాంక్స్ చెప్పించుకున్న ఒకతను గణాంకాలు వదిలేసి వేల్స్‌లో తేనెటీగలు పెంచుకుంటున్నాడు.

అలాంటివాడికి కేకు పంపావా? లంచం అనుకోడూ? ఆ మాట సభలోనే అంటే వైస్ ఛాన్సలర్ ముందు నేనేం కావాలి? ఇక ఆయనకి ఒక్క ముక్క కూడా రాయకు. నా మీద ఒట్టు.

నీ అభాగ్యుడు,
విల్ఫ్

తా.క.: కేకు తిరిగొచ్చిందా? వస్తే ఎంత తగ్గిందో చూసి రాయి.


విట్బీ,
మార్చి 20

చిరంజీవి విల్ఫ్‌కి,

కేకు రాలేదు. డబ్బా వచ్చింది, శుభ్రంగా కడిగి ఉంది.

నీ ఉత్తరం చదివాక నాకూ భయం వేసింది. రాయొద్దన్నావు, నిజమే. కానీ నువ్వు ఒట్టు పెట్టే సరికే నేను రెండో ఉత్తరం మొదలుపెట్టేశాను, సగంలో ఆపితే బాగుండదు. నీ బతుకంతా ఆయనకి చెప్పాను. వానలో బంగాళదుంపలు, ఫిరంగి గుళ్ళు, చేజారిన రెండు పదవులు, అమ్మ పోయిన రోజు కూడా నువ్వు క్లాసు మానకపోవడం. 'మా వాణ్ణి ఏమీ అనకండి బాబూ' అని బతిమాలుకున్నాను.

ఎంత మంచివాడురా ఆయన. వెంటనే జవాబిచ్చాడు. భార్య పోయి చాలా కాలమైందట, చలికాలం పాదాలు వేడెక్కవట. నీలం ఊలుతో మేజోళ్ళు మొదలుపెట్టాను. నీ గురించి ఒక్క చెడ్డమాట కూడా అననని మాటిచ్చాడు. ఇక నిశ్చింతగా వెళ్ళు.

మీ అక్క,
హెస్టర్

తా.క.: పాదం కొలత అడిగితే గీసి పంపాడు. చుట్టూ ఏవో సూత్రాలు రాశాడు. అవి అల్లడం నాకు రాదు.


బ్రాంథార్ప్,
ఏప్రిల్ 12

అక్కా,

అంతా అయిపోయింది.

టిండల్ లేచాడు. హాలంతా ముందుకు వంగింది. ఆయన పెదవులు బిగించి, కుర్చీ వీపు గట్టిగా పట్టుకుని, 'టైపు శుభ్రంగా ఉంది. గొంతు వెనక వరసకి వినపడింది. నాకు ఇంకేమీ అభ్యంతరం లేదు. బలపరుస్తున్నాను' అని కూర్చున్నాడు.

అక్కా, మాలో తిట్టు తిన్నవాడికే విలువ. ఇదివరకు మహామహుల్ని ఆయన సభ ముగిసే దాకా ఉతికాడు. ఏమీ అనలేదంటే అనడానికి కూడా పనికిరాదనే అర్థం. జనం ఒక్కొక్కరే వచ్చి, పరామర్శకి వచ్చినట్టు భుజం నొక్కి వెళ్ళారు. రైల్లో వైస్ ఛాన్సలర్ కిటికీలోంచి చూస్తూ నాతో, 'కొట్టిపారేయడానికైనా అందులో ఏమీ లేదా, ఆర్మరాయిడ్?' అన్నాడు. వచ్చే గురువారం పదవి సంగతి తేలుస్తారు. తేలేదేముంది.

నీ మీద కోపం ఉంది. నాకోసమే చేశావని తెలుసు, అందుకే ఆ కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

విల్ఫ్

తా.క.: కూర్చున్నాక ఆయన ప్యాంటు కాస్త పైకి లాగి నాకు నీలం మేజోళ్ళు చూపించాడు. కొలత సరిగ్గా కుదిరింది.


విట్బీ,
ఏప్రిల్ 17

చిరంజీవి విల్ఫ్‌కి,

నీ ఉత్తరం చదివి వంటింట్లో కూర్చుని ఏడ్చాను. తర్వాత మొహం కడుక్కుని, దుకాణం మూసి, లండన్ రైలెక్కాను.

తలుపు తీసిన ఆంబ్రోజ్‌ని చూస్తే జాలేసింది. మనిషి వడిలిపోయి ఉన్నాడు. 'అమ్మా, నోరు కట్టుకుని ఆ సాయంత్రం గడపడం నా వల్ల కాలేదు. అప్పటినుంచీ గుండెల్లో మంటగా ఉంది' అన్నాడు. మీరిచ్చిన మాట వెనక్కి తీసుకోండి అన్నాను. మాట పూర్తికాకముందే కలం తీశాడు. సభలో అనలేనివి తర్వాత రాసి పంపొచ్చట కదా, ఆ సంగతి నువ్వు నాకు చెప్పనేలేదు. నేను టీ కాచే లోపు బల్లంతా కాగితాలే. మధ్యమధ్య 'దుర్మార్గం' అంటూ చేతులు రుద్దుకుంటున్నాడు. మొహంలోకి రక్తం వచ్చింది.

ఒక నకలు సంఘానికి, ఇంకొకటి మీ వైస్ ఛాన్సలర్‌కి పంపాడు. అది చదివి నిన్న వైస్ ఛాన్సలరే ఆయనకి ఫోన్ చేశాడట, ఇంత చెత్త రాసినవాణ్ణి తీసుకోవాలా అని. ఆంబ్రోజ్ ఫోన్లోనే అరిచాడట. 'ఇంత లోతుకి దిగి తప్పు చేయగలవాడు ఈ దేశంలో ఇంకొకడు లేడు, వదులుకుంటే మీ కర్మ.'

దాంతో ఆయన సరేనన్నాడట. పదవి నీదేరా. గురువారం ఉత్తరం వస్తుంది, వచ్చినప్పుడు ఆశ్చర్యపోయినట్టు కనపడు. అమ్మ ఉంటే ఎంత పొంగిపోయేదో.

మీ అక్క,
హెస్టర్

తా.క.: ఇదంతా నాకోసమే రాశారా అని అడిగాను. లేదట. నీ రెండో సిద్ధాంతం నిజంగానే మొదలంటా తప్పట. ఆదివారం మా ఇంటికి భోజనానికి వస్తున్నాడు, నువ్వూ రా. కాగితాల్లో పట్టనివి ఇంకా చాలా ఉన్నాయట.