లామియా దిండు కింది సీసం

1998, ఫిబ్రవరి

మెవ్లిదా తల్లికి, నాన్న ఆశీస్సులు.

మేమంతా కులాసా అని మొదటి వాక్యం రాయడం మన ఇంటి ఆచారం. మీ తాత కందకంలో జ్వరంతో చచ్చిపోయే ముందు రాసిన ఉత్తరంలో కూడా ఆ వాక్యం ఉంది. అందుకని నేనూ రాస్తున్నాను: కులాసాగా ఉన్నాం. నువ్వూ అల్లుడూ లుబ్లియానాలో క్షేమమని తలుస్తాను. అక్షరాలు వంకర తిరిగాయని కంగారుపడకు. పక్షవాతం కాదు, కుడిచేతికి కట్టు ఉంది. ఎందుకో చెబుతాను గానీ ఇప్పుడే కాదు.

అక్కడి శిక్షణ చూసుకునే బెహియా రిపోర్టు ఈపాటికి నీకు అంది ఉంటుంది. విష్న్యాను శిక్షణ నుంచి తీసెయ్యాలా, నా మనవరాలు లామియా దగ్గర ఉంచాలా అన్నది వచ్చే గురువారం లోపల నువ్వే తేల్చాలట. తేల్చే ముందు ఇది కూడా చదువు. బెహియా మంచిదే, కానీ మంచివాళ్ళు రాసే రిపోర్టుల్లో నెత్తురు కనిపించదు.

ముందు నీ ప్రశ్నలు. కాఫీ గింజలు అందాయి. కోడలు హస్నా వాటిని వేయించి, దంచి, వాసన పట్టనివ్వకుండా దాచింది; నాకు రోజుకు ఒక్క కప్పే పోస్తోంది. కట్టెలు ఈ చలికాలానికి సరిపోతాయి. కట్టుడుపళ్ళు చిగుళ్ళను కోస్తున్నాయి, అవి డబ్బాలోనే ఉన్నాయి. మనుషుల్ని కరవడానికి ఈ ఇంట్లో వేరే పళ్ళు ఉన్నాయి గనక ఇబ్బంది లేదు.

శిక్షణ ఎలా సాగుతోందని అడిగావు. యుద్ధం చూసిన పసిపిల్లలకూ వాళ్ళ తల్లులకూ ఆసరా ఇచ్చేవాళ్ళను తయారు చేస్తామని మీరు మొదలుపెట్టిన రోజు నేను నవ్వాను. యుద్ధం గీసిన గీతకు ఇటువైపు వాళ్ళూ అటువైపు వాళ్ళూ ఒకే గదిలో, చిన్న కుర్చీల్లో, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్నారు. డెన్మార్క్ నుంచి వచ్చిన ఆవిడ రంగుపెన్సిళ్ళు పంచి, "యుద్ధం మీ ఒంట్లో ఎక్కడ ఉందో కళ్ళు మూసుకుని వెతకండి" అంది. ఎగువ పల్లెనుంచి వచ్చిన ఇబ్రో ప్యాంటు పైకెత్తి కొయ్యకాలు చూపించాడు. "వెతకక్కర్లేదమ్మా, ఇక్కడే ఉంది. రాత్రిళ్ళు విప్పి మంచం కింద పెడతాను" అన్నాడు. అటువైపు వాళ్ళే ముందు నవ్వారు. అది నాకు నచ్చలేదు. నవ్వే హక్కు కూడా వాళ్ళకు ముందే దక్కాలా?

ఆవిడ వెళ్ళాక నీ పద్ధతి మొదలైంది. నేలమీద కూర్చోవడం, పిల్ల ఆడే ఆటను పిల్ల వెనకే నడిచి చూడడం, పక్కన తల్లిని కూర్చోబెట్టడం, భయానికి మాట అందించడం. ఆ గదిలో ఎవరూ ఎవరినీ కొట్టకూడదు, బొమ్మనైనా సరే. నేర్చుకునేవాళ్ళలో ఒక్కొక్కరికి ఒక్కో కుటుంబం, ప్రతి గురువారం. మన హస్నా, లామియా విష్న్యా వంతుకు వచ్చారు.

లామియా అప్పటికి ఎలా ఉండేదో నీకు నేను సగమే రాశాను. తీగమీది బట్టల క్లిప్పులన్నీ లాక్కుని ద్రినా నది ఒడ్డుకు వెళ్ళేది. ఒక్కో క్లిప్పునూ "నీ పేరేంటి?" అని అడిగేది. జవాబు కూడా తనే చెప్పేది. "సరే, పద" అని నీళ్ళలోకి విసిరేది. ముట్టడిలో మన ఊరి వంతెన కింద ఏం తేలుకుంటూ వచ్చేవో అందరం చూశాం; పిల్లలు చూడలేదనుకున్నాం. బళ్ళో రొట్టెలవాడి మనవడి చెవి తెగేలా కొరికింది. ఉతికిన బట్టలు బురదలో పడితే హస్నా దాన్ని బెల్టుతో బాదేది. నేను పక్కగదిలో రోమన్ల చరిత్ర చదువుకుంటూ ఉండేవాణ్ణి. ఆ చరిత్రలోనూ ఇవే ఉన్నాయి, పేర్లే వేరు.

మీ శిక్షణ రాకముందు హస్నా దాన్ని జుమ్రా ముసల్దాని దగ్గరికి తీసుకెళ్ళింది, భయం పోయించడానికి. పిల్ల నెత్తిమీద ఎర్రగుడ్డ కప్పి, పైన చన్నీళ్ళ గిన్నె పట్టి, కరిగిన సీసం అందులో పోస్తారు. భయం నీళ్ళలో ఆకారం కడుతుంది. నిన్నూ చిన్నప్పుడు కుక్క వెంటపడితే మీ అమ్మ తీసుకెళ్ళింది, నేను వారం రోజులు ఆమెతో మాట్లాడలేదు.

"సీసం కావాలి మామయ్యా" అంది హస్నా. "జుమ్రా దగ్గర అయిపోయిందట."

నేను పొగాకు డబ్బా తీశాను. మీ తమ్ముడు ఫిక్రెత్ ఒంట్లోంచి తీసిన గుండు అందులో ఉంది. డాక్టరు నా చేతికిచ్చినది. "ఎవరి భయం వాళ్ళ సీసంతోనే పోతుంది" అని జుమ్రా తలూపింది. భయం పుట్టించిన గుండుతోనే భయం పోయించాలనుకోవడం ఈ లోయవాళ్ళకు తప్ప ఎవరికీ తట్టని మూర్ఖత్వం. అంత చదివిన నేను డబ్బా మూత తీశాను. సీసం పడగానే గిన్నె బుసకొట్టి, నీళ్ళు చిమ్మి, గుడ్డ కింద పిల్ల కేక పెట్టింది. ఆ ముద్దను ఆచారం ప్రకారం దాని దిండు కింద పెట్టారు. అది ఎక్కడిదో పెద్దవాళ్ళం గుసగుసలాడుకుంటే పిల్ల వినేసింది.

ఇప్పుడు నీకు తెలియనిది. మీ తమ్ముణ్ణి ఎవరు కాల్చారో తెలియదని ఆరేళ్ళుగా చెబుతూ వచ్చాను. నాకు తెలుసు. ఆసుపత్రిలో చచ్చిపోయే ముందు వాడే చెప్పాడు, నాకొక్కడికే. అడవి దారిలో హస్నా కేక అందనంత ముందు నడుస్తోంది. నెలల పిల్లను శాలువాతో వీపుకు కట్టుకుని వాడు వెనక. "ఫిక్రెత్, ఆగరా!" అని కేక వినబడింది. వాడు ఆగి, తిరిగాడు. మన బడి బస్సు డ్రైవరు గోయ్‌కో గొంతు అది. నువ్వూ ఆ బస్సులోనే వెళ్ళావు, గుర్తుందా? రోడ్డు దాటే పిల్లల్ని ఆపడానికి ఏళ్ళ తరబడి అరిచిన గొంతు. వింటే కాళ్ళు వాటంతటవే ఆగిపోతాయి. అడవిపందుల్ని వేటాడే తుపాకితో ఎదురురొమ్ము మీద కాల్చాడు. గుండు వాడి వెన్నులో ఆగింది. దాని వెనకే లామియా ఉంది.

విష్న్యా గోయ్‌కో కూతురు. మొగుడి ఇంటిపేరు రాసుకుంది గానీ దవడ తండ్రిదే. మొదటి గురువారమే పోల్చుకున్నాను. నోరు మూసుకున్నాను. ఎందుకంటావా? పగ తీర్చుకునే సమయం కోసం ఎదురుచూస్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను. ఈలోగా పిల్ల నిద్రపోవడం మొదలుపెట్టింది. క్లిప్పులు తీగమీదే ఉంటున్నాయి. హస్నా బెల్టు మేకుకే ఉంది.

పోయిన గురువారం లామియా ఆ ముద్దను జేబులో పెట్టుకుని వెళ్ళింది. వసారాలో కూర్చున్న నాకు తలుపు సందులోంచి కనబడుతోంది. దాన్ని విష్న్యా అరచేతిలో పెట్టింది.

"ఇది మా నాన్నలో ఉండేది. నా వరకు రాలేదు."

విష్న్యా మొహం సున్నం కొట్టినట్టయింది. అయినా చెయ్యి వెనక్కి తీసుకోలేదు. "చాలా బరువుగా ఉంది కదా" అంది. "కాసేపు నేను పట్టుకోనా? నువ్వు ఆడుకో." లామియా చేతులు దులుపుకుని ఆడుకోవడానికి పోయింది.

ఆట అయ్యాక విష్న్యా వసారాలోకి వచ్చి ముద్దను నాకిచ్చింది.

"మాస్టారూ, ఇది మీ దగ్గరే ఉంచండి. పిల్ల దిండు కింద వద్దు."

"ఏం, మీ నాన్న వస్తువని గుర్తుపట్టావా?"

ఆమె తల దించుకోలేదు. "పట్టాను. మీ ఇంటిపేరు చూసిన రోజే తెలుసు. ఈ కుటుంబాన్ని నేనే అడిగి తీసుకున్నాను."

"అంటే మీ ఇంటి నెత్తురు నా మనవరాలి మీద కడుక్కుంటున్నావా?"

"ఏమో మాస్టారూ. అదే అయ్యుండొచ్చు. మా నాన్న ప్రతి పండక్కీ బల్ల దగ్గర చెబుతాడు, 'పిలిచాను, ఆగాడు' అని. అందరూ నవ్వుతారు. నేను గ్లాసుల్లో రకియా సారా పోసేదాన్ని."

కొట్టాను తల్లీ. ముద్ద పట్టుకున్న చేత్తోనే కొట్టాను. పెదవి చిట్లి రక్తం గడ్డం మీదికి కారింది. ఇంకోటి కొట్టడానికి చెయ్యెత్తాను కూడా. ఆరేళ్ళుగా తినే ప్రతి ముద్దలోనూ నమిలిన కోపం అది. రుచిగా ఉందని దాచుకోకుండా రాస్తున్నాను. అప్పుడే లామియా ఒక కాలికి బూటుతో, ఒక కాలికి మేజోడుతో పరిగెత్తుకొచ్చి నా చెయ్యి కొరికింది. ఎముక తగిలేదాకా.

వదిలాక అరిచింది: "ఇక్కడ కొట్టకూడదు! నీకు తెలీదా?"

విష్న్యా నోట్లోంచి రక్తం కారుతూనే నేలమీద కూర్చుంది. "లామియా, తాత కొట్టాడు. నాకు నొప్పి పుట్టింది. నన్ను కాపాడాలనుకున్నావు కదూ? అది నీ పని కాదు, బంగారూ. కరవడం కూడా వద్దు. పెద్దవాళ్ళం మేం చూసుకుంటాం."

మా మాటలు విని హస్నా తలుపు దగ్గర నిలబడి ఉంది. "ఎవరి నాన్న?" అని అడిగింది. అక్కడే, అందరి ముందూ చెప్పాను. హస్నా పిల్లను చంకనేసుకుని, విష్న్యా కాళ్ళ ముందు ఉమ్మి, వెళ్ళిపోయింది. ఇంటికొచ్చాక కాఫీ గిన్నె గోడకేసి కొట్టింది.

"ఆరేళ్ళు నా దగ్గర దాచావా మామయ్యా?"

"చెబితే ఏం చేసేదానివి?"

"ఏడ్చేదాన్ని. పేరు తెలిసి ఏడ్చేదాన్ని. అది కూడా నువ్వే ఉంచుకున్నావు."

నేను వంగి గిన్నె తీసి, ఎడమచేత్తో గోడ తుడిచాను.

బెహియా చెప్పేది న్యాయమే. తెలిసి తెలిసి దాచిన మనిషి ఈ పనికి తగదని నీ నిబంధన. ఇంకెవరి విషయంలోనైనా నేనే సంతకం పెట్టమనేవాణ్ణి. కానీ నిన్న హస్నా అంట్లు తోముతూ, నా వైపు చూడకుండా అంది: "నాకు ఆవిడ మొహం చూడాలని లేదు. పిల్ల మాత్రం గురువారం ఎప్పుడని అడుగుతోంది. మీ అమ్మాయికి రాయి. బెహియా కూడా గదిలో కూర్చుంటే తీసుకెళ్తాను. నేను గోడ వైపు తిరిగి కూర్చుంటాను."

కనుక రాస్తున్నాను. విష్న్యాను తియ్యకు. మొదలుపెట్టింది పూర్తి చెయ్యనీ, పక్కన బెహియాను కూర్చోబెట్టు. తర్వాత గెంటేస్తావో, సర్టిఫికెట్ ఇస్తావో నీ ఇష్టం. నా మనసు మెత్తబడిందని భ్రమపడకు. విష్న్యాకు ఆ పిల్ల ఎదురుగా ప్రతి గురువారం నేలమీద కూర్చోవడం కంటే పెద్ద శిక్ష నాకు తట్టడం లేదు. గోయ్‌కోను నేను క్షమించలేదు, క్షమించను. అతని పేరును, అతని మాటను హస్నాతో కలిసి కాగితం మీద పెట్టి యుద్ధ నేరాల విచారణ చేసేవాళ్ళకు పంపుతున్నాను. విష్న్యా సాక్ష్యం చెబుతుందో లేదో అడగలేదు. అడిగే ముందు ఆమె పెదవి మానాలి.

ఒక్క విషయం మిగిలింది. ఆ సాయంత్రం లామియా తీగమీంచి ఒక క్లిప్పు తీసింది. నేను దాని వెనకే నడిచాను. అది నది వైపు వెళ్ళలేదు. క్లిప్పును వంటింటి కిటికీ గట్టుమీద, మొహం గోడకు పెట్టి నిలబెట్టింది.

"ఎవరది?"

"తాత. కొట్టాడు."

"నీళ్ళలో వెయ్యవా?"

అంత తెలివితక్కువ ప్రశ్న తన జన్మలో విననట్టు చూసింది. "వేస్తే ఎలా నేర్చుకుంటాడు?"

రోజూ పొద్దున్నే వచ్చి "నేర్చుకున్నావా?" అని అడుగుతోంది. అబద్ధం చెబితే దానికి తెలిసిపోతుంది. "ఇంకా లేదమ్మా" అంటున్నాను. "సరే" అని పాలు తాగడానికి పోతుంది. ఇవాళ పోయేముందు క్లిప్పును పట్టుకుని, కాస్త, ఒక్క కాస్త, గది వైపు తిప్పింది.

జవాబు త్వరగా రాయి. గురువారం ఎంతో దూరం లేదు.

ఇట్లు,
ఇంకా కిటికీ గట్టుమీదే ఉన్న
మీ నాన్న రాగిబ్