ఇంటాయన ఇంట్లోనే ఉన్నాడు

బుఖారా పాతబస్తీ,
మే 24

మహల్లా పెద్ద ఫైజుల్లో గారికి,

నజ్మిద్దీన్ సలాములు. మీరు, మీ మోకాళ్లు, మీ మనవలు, మీ రబ్బరు ముద్ర అందరూ క్షేమమని తలుస్తాను. నా క్షేమం తెలపాలనే నిబంధన ఇంకా రాలేదు కనుక తెలపడం లేదు.

మర్యాద అయింది. ఎనిమిదేళ్లు బడిలో ఒకే బెంచీ మీద కూర్చున్నాం, ఇక నువ్వనే అంటాను.

అతిథులకు ఇల్లు అద్దెకిచ్చినన్ని రోజులూ ఇంటి యజమాని అదే కప్పు కింద ఉండాలని నిబంధన తెచ్చావు. నేను రెండుసార్లు లేనని రాశావు. మూడోసారి లేకపోతే మా ఇంటిని అతిథి ఇళ్ల పట్టీలోంచి కొట్టేస్తానని, వారంలోగా సంజాయిషీ ఇమ్మని కాగితం పంపావు. ఇదిగో సంజాయిషీ.

నిజమే, లేను. తాళంచెవి పూలకుండీ కింద పెట్టి, కొత్తబస్తీలో మా చెల్లెలింటికి పోయేవాణ్ని. ముంగిట్లో పరాయివాళ్ల పెట్టెల చక్రాలు దొర్లే చప్పుడు నేను వినలేను. అయినా అద్దెకివ్వక తప్పదు. మా ఆవిడ సలోమత్ పోయిన ఏడే మట్టికప్పు కారడం మొదలైంది. అతిథులు రాకపోతే అది బాగుపడదు.

ఇదంతా నా ఒక్కడి మీద గురిపెట్టిన నిబంధన అని నాకు తెలుసు. ఒక్క పుస్తకం చివరిదాకా చదవనివాడు నిబంధనలు రాస్తే ఇలాగే ఉంటుంది. నా దగ్గర తీసుకెళ్లిన నక్షత్రాల పుస్తకం ముప్పై ఏళ్లుగా మీ కుట్టుమిషను కాలి కింద ఉందని నీ కోడలే చెప్పింది. దాని మీద నువ్వు ఏ తనిఖీ పెట్టావు?

పోయిన సోమవారం వచ్చావు. గుమ్మం బయటే నిలబడి, "ఇంటాయన ఉన్నాడా?" అని అరిచావు. "ఉన్నాడు, ఇంకా చావలేదు" అన్నాను. "మాట వినబడితే చాలదు, మనిషి కనబడాలి" అన్నావు. తల బయట పెట్టాను. హాజరు వేసుకుని పోయావు. పదకొండేళ్లుగా నువ్వు మా గడప దాటలేదు. సలోమత్ జనాజాకు భుజం పట్టావు గానీ, అప్పుడూ దాటలేదు.

కారణం వీధి వీధంతటికీ తెలుసు. నీకు టీ పియాలా అంచుదాకా నింపి ఇచ్చాను. రెండు గుక్కలు పోస్తే కూర్చోమని, అంచుదాకా పోస్తే ఇక లేచిపొమ్మని మన దగ్గర పాలు తాగే పిల్లకైనా తెలుసు. చదువు ధ్యాసలో చెయ్యి జారిందని అందరికీ చెప్పుకున్నాను. నువ్వొక్కడివే నమ్మలేదు.

సరే, నీ నిబంధనకు భయపడి ఈసారి ఇంట్లోనే ఉన్నాను. ఎస్తోనియా నుంచి కారెల్ అని పడవలు చేసే ముసలాయన, ఆయన భార్య లేయిదా వచ్చారు. నాతోనూ, తమలో తామూ రష్యనే మాట్లాడతారు. మొదటిరోజే పియాలాలు అంచుదాకా నింపి చేతికిచ్చాను. "ఎంత పెద్ద మనసండీ మీది!" అంది ఆవిడ. మళ్లీ నింపాను. "మా కోసం ఇంత శ్రమపడకండి" అన్నాడు ఆయన. అవమానించడానికైనా అర్థం చేసుకునే మనిషి ఎదురుగా ఉండాలి ఫైజుల్లో. నువ్వు లేని లోటు నాకు అప్పుడు తెలిసింది.

మూడోరోజు సాయంత్రం నాలుగున్నరకు, లేయిదా మల్బరీ పళ్లు కడగడానికి రాగి బేసిను నిండా నీళ్లు పోసి అతిథుల గది గుమ్మంలో పెట్టుకుంది. నేను వసారాలో చదువుకుంటున్నాను. "నజ్మిద్దీన్ గారూ, ఒక్కసారి రండి" అని కారెల్ లోపలినుంచి పిలిచాడు. మళ్లీ ఏం విరగ్గొట్టారో అనుకుంటూ వెళ్లాను. ఆయన నేల మీద వెల్లకిలా పడి ఉన్నాడు. గుండె ఆగిందనుకున్నాను. "మీరూ పడుకోండి" అన్నాడు. డెబ్బై నాలుగేళ్ల నడుముతో పడుకున్నాను.

మా ముత్తాత రంగులు వేయించిన కప్పు అది. పుట్టినప్పటినుంచీ నా నెత్తి మీదే ఉంది. బేసినులో పడిన ఎండ పైకి లేచి ఆ కప్పు మీద పారుతోంది. నీలంలో బంగారు పువ్వులు ఒక్కొక్కటే విచ్చుకుని ముడుచుకుంటున్నాయి. దూలాల మధ్య పల్లాల్లోంచి వెలుగు జారి, పక్క పల్లంలోకి దూకుతోంది. లేయిదా పిడికెడు పళ్లు నీళ్లలో వేసినప్పుడల్లా కప్పంతా ఉలిక్కిపడి, మెల్లగా కుదుటపడుతోంది. ఊపిరి తీస్తున్నది ఇల్లో నేనో తెలియలేదు. వసారాలో పుస్తకం తెరిచి ఉందన్న సంగతే మరిచాను. నేను, ఫైజుల్లో!

"బోర్లించిన పడవలా ఉందండీ. దీని కిందే పుట్టారా మీరు?" అని కారెల్ అడిగాడు. అవునన్నాను. "అదృష్టవంతులు, రోజూ చూస్తారు" అన్నాడు. దానికీ అవుననే అన్నాను. రోజూ నాలుగున్నర వేళకు నలభై ఏళ్లపాటు గ్రంథాలయం కొలువులో ఉన్నాను. సెలవురోజున పుస్తకంలో ఉన్నాను. ఇంటాయన ఇంట్లో లేడని నువ్వు రెండుసార్లే రాశావు. డెబ్బై నాలుగేళ్లని దిద్దుకో.

ఆ సాయంత్రం వాళ్లకు రెండేసి గుక్కలే పోశాను. "ఇంట్లో టీ అయిపోయిందేమో, పాపం" అని లేయిదా మొగుడి చెవిలో అనడం విన్నాను.

సంజాయిషీ ఇంతే. పట్టీలోంచి కొట్టేస్తే చలికాలపు వానలకు ఆ నీలం గోడల మీదికి కారిపోతుంది. అది తెలిసి సంతకం పెట్టు.

ఇట్లు,
అదే కప్పు కింద ఉన్న
నజ్మిద్దీన్

తా.క.: చెయ్యి జారలేదు. ఆ రోజు నేను రాసిన వ్యాసం నీకు చదివి వినిపిస్తున్నాను. సలోమత్ గుమ్మంలో ఇదే బేసినులో పళ్లు కడుగుతోంది. నువ్వు వినడం మానేసి, నోరు తెరుచుకుని పైకి చూస్తూ, "ఒరే నజ్మీ, ఇక ఆపరా, ఒక్కసారి పైకి చూడరా" అన్నావు. నేను చూడలేదు. నీ పియాలా అందుకుని, తెలిసే, అంచుదాకా నింపాను.

పళ్లు ఇంకో పదిరోజులు వస్తాయి. నాలుగున్నరకు తనిఖీకి రా. గుమ్మంలోంచి కనబడదు, లోపలికి వచ్చి పడుకోవాలి. టీ రెండు గుక్కలే పోస్తాను.